చుట్టం కళ్లతో మన వాకిలి

మీ ప్రశ్న సారాంశం ఇది. మీకు నలభై ఒక్క ఏళ్లు. హన్మకొండలో ప్రభుత్వ ఉద్యోగం, సొంత ఇల్లు, చదువుకుంటున్న ఇద్దరు పిల్లలు, ఇంట్లోనే అమ్మానాన్నలు. కష్టమని చెప్పుకోదగ్గది ఏదీ లేకపోయినా ఏదీ రుచించడం లేదు. ఎవరో చెప్పగా మూడు వారాల పాటు రోజూ రాత్రి కృతజ్ఞతల డైరీ రాశారు. నాలుగో రోజుకే అది బడిపిల్లవాడి హోంవర్కులా తయారైంది. ఆ తర్వాత మీకు కలిగిన అసలు సందేహం: "చిన్న చిన్న విషయాల్లో ఆనందం వెతుక్కోమంటారు. పెద్దవి దొరకనివాళ్లు చేసుకునే రాజీకి పెట్టిన మంచి పేరు కాదా అది?" వీటి మధ్యలో, మాటవరసకు అన్నట్టు, ఇంకో వాక్యం రాశారు. అమ్మ రోజూ తెల్లవారకముందే సాన్పి చల్లి వాకిట్లో ముగ్గు వేస్తుందని, తొమ్మిదిన్నరకు మీరు బండిని దాని మీదుగానే బయటికి తీస్తారని. మీ ఉత్తరంలో నాకు ఎక్కువ ఆశ కలిగించింది ఆ వాక్యమే.

ఇరవై ఆరేళ్లుగా ఈ ఊళ్లోనే మానసిక సలహాదారుగా పనిచేస్తున్న అనుభవంతో ముందు ఒక జాగ్రత్త చెప్పాలి. ఏదీ రుచించకపోవడం కొన్నిసార్లు అలవాటు వల్ల వచ్చే నిస్తేజం, కొన్నిసార్లు జబ్బు. రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ ఇదే స్థితి ఉండి, దానితో పాటు నిద్ర, ఆకలి చెడి, ఒంట్లో సత్తువ లేక, బతకడం దండగ అన్న ఆలోచన తొంగిచూస్తుంటే, కింద నేను రాసినవేవీ మీకు మందు కావు. మానసిక వైద్యుణ్ణి కలవాలి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలి మానస్ వారు డబ్బు తీసుకోకుండా తెలుగులోనే మాట్లాడతారు. మీరు రాసిన తీరును బట్టి మీ నిద్రా, ఆకలీ బాగానే ఉన్నాయి, ఆఫీసులో పని కూడా సాగుతోంది. అందువల్ల మీది మొదటి రకం అనుకుని మిగతాది రాస్తున్నాను. నా అంచనా తప్పైతే ఇక్కడే ఆగి ఆ నంబరుకు ఫోన్ చేయండి.

కాజీపేట జంక్షన్‌కు ఆనుకొని ఉన్న ఇళ్లలో ఎప్పుడైనా రాత్రి పడుకున్నారా? చుట్టంగా వెళ్లినవాడికి కంటి మీద కునుకు పడదు. ప్రతి కూతకూ మంచం మీద ఉలిక్కిపడతాడు. పొద్దున లేచి "ఇన్ని రైళ్ల నడుమ ఎట్లా పడుకుంటున్నారు?" అని అడిగితే ఇంటివాళ్లు "ఏ రైళ్లు?" అన్నట్టు చూస్తారు. 2020 మార్చిలో ప్రయాణికుల రైళ్లు ఆగిపోయిన తర్వాత అక్కడి రిటైర్డ్ రైల్వే ఉద్యోగి ఒకాయన నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "ముప్పై ఏండ్ల సంది ఇనవడని సప్పుడు, ఇప్పుడు లేదని నిద్ర వడుతలేదు సార్." ఉన్నప్పుడు వినిపించని చప్పుడు లేనప్పుడు వినిపించింది.

మనసు పనిచేసే పద్ధతే అంత. అది మార్పును పసిగడుతుంది. మారకుండా ఉన్నదాన్ని లెక్కలోంచి తీసేస్తుంది. రైలు చప్పుడుకు వర్తించేదే జీతానికీ, సొంతింటికీ, పక్కన పడుకున్న మనిషికీ వర్తిస్తుంది. దీన్ని కృతఘ్నత అనుకొని మిమ్మల్ని మీరు తిట్టుకోవలసిన పని లేదు. రోజూ ఉన్నదాన్ని రోజూ కొత్తగా పట్టించుకుంటే మెదడుకు ఇంకో పనికి తీరికే దొరకదు. చిక్కల్లా ఎక్కడంటే, అది చప్పుళ్లను తీసేసినంత తేలిగ్గానే సుఖాలను కూడా తీసేస్తుంది.

మీ రాజీ ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. 1978లో అమెరికాలో ఫిలిప్ బ్రిక్‌మన్, ఆయన సహచరులు లాటరీ గెలిచిన 22 మందినీ, ప్రమాదాల్లో కాళ్లు, లేదా కాళ్లూ చేతులూ రెండూ చచ్చుబడిన 29 మందినీ, ఏ ప్రత్యేకతా లేని మరికొందరినీ ప్రశ్నించి చూశారు. లాటరీ గెలిచినవాళ్లు మామూలు వాళ్ల కంటే చెప్పుకోదగ్గంత ఎక్కువ సంతోషంగా లేరన్న సంగతి చాలాచోట్ల రాస్తారు. దానికంటే ముఖ్యమైన సంగతిని ఎందుకో వదిలేస్తారు: స్నేహితుడితో కబుర్లు, పొద్దుటి ఫలహారం, ఒక జోకు విని నవ్వుకోవడం వంటి రోజువారీ పనుల్లో వాళ్లకు దొరికే ఆనందం మామూలు వాళ్ల కంటే తక్కువగా ఉంది. చిన్న అధ్యయనమే కాబట్టి దీన్ని వేదవాక్కుగా తీసుకోనక్కరలేదు, కానీ నా గదిలో కూర్చున్నవాళ్లలో నేను చూసింది కూడా ఇదే. పెద్దది వచ్చి చిన్నవాటి లోటు తీర్చదు, పైగా వాటి రుచిని కొంత పట్టుకుపోతుంది. పెద్దది దొరకనివాడు చిన్నదానితో సరిపెట్టుకుంటే రాజీ అనవచ్చు. దొరికినవాడికి కూడా తిరిగి చిన్నవాటి దగ్గరికే రావలసిన అవసరం ఉందంటే, దాన్ని రాజీ అని ఎలా అంటాం?

ఇక మీ డైరీ సంగతి. ఈ పద్ధతికి ఆధారంగా అందరూ చెప్పే పరిశోధన రాబర్ట్ ఎమన్స్, మైకేల్ మెకల్లో 2003లో ప్రచురించినది. అందులో ఒక ప్రయోగంలో విద్యార్థులు రాసింది వారానికి ఒక్కసారి, పది వారాల పాటు. తర్వాత సోన్యా లుబోమిర్‌స్కీ బృందం చేసిన ప్రయోగంలో వారానికి ఒకసారి రాసినవాళ్లకు మేలు జరిగింది కానీ మూడుసార్లు రాసినవాళ్లకు జరగలేదు. మీరు ఏడుసార్లు రాశారు. దానికి తోడు, మీరే చెప్పినట్టు, ప్రతి రాత్రీ అవే నాలుగు మాటలు: అమ్మానాన్న, ఆరోగ్యం, ఉద్యోగం, ఇల్లు. ఇవి రేషన్ కార్డులో రాసుకునే వివరాల్లా ఉన్నాయి. వీటిలో మీ కంటికి కనిపించిన వస్తువు ఒక్కటీ లేదు. "ఇల్లు" అని రాసే బదులు "మధ్యాహ్నం వంటింటి కిటికీలోంచి నీళ్ల బిందె మీద పడి గోడ మీద ఆడే వెలుగు" అని రాయాలంటే ఆ వెలుగును ముందు చూసి ఉండాలి. డైరీ వల్ల ఏమైనా లాభం ఉంటే అది ఆ చూడటంలో ఉంది. వారానికి ఒక్కరోజు, ఒక్క వస్తువు, పది వాక్యాలు రాయండి. అదే వస్తువు మళ్లీ రాకూడదన్న షరతు పెట్టుకోండి.

చూడటం అంత సులువు కాదని నాకు తెలిసివచ్చిన సందర్భం ఒకటి చెబుతాను. 2023 జూలై చివరి వారంలో వరంగల్‌నూ హన్మకొండనూ ముంచిన వానలకు మా వీధిలోకి కూడా నాలా నీళ్లు వచ్చాయి. ముందు గదిలో మోకాలి లోతు. టీవీ, బియ్యం సంచి, పిల్లల సర్టిఫికెట్లు, గ్యాస్ సిలిండర్, ఇట్లా చేతికి అందినవాటిని డాబా మీదికి మోశాం. మంచం కింద చుట్టి ఉన్న పాత షత్రంజి ఎవరికీ గుర్తు రాలేదు. నీళ్లు తీశాక, బురద తాగి ఇద్దరు మోస్తే తప్ప లేవనంత బరువెక్కిన దాన్ని పారేయడానికే బయటికి ఈడ్చాను. ఎందుకో మనసొప్పక డాబా మీద పరిచి, పైపు పెట్టి కడుగుతూ ఉంటే, బురద కిందినుంచి అది కొద్దికొద్దిగా బయటపడింది. నలభై ఏళ్లుగా దాని మీద కూర్చున్నాను, పడుకున్నాను, పదో తరగతి లెక్కలు చేశాను. దానివి నీలం, ఎరుపు చారలని మాత్రమే నాకు తెలుసు. రెండు నీలాల నడుమ వేలెడు వెడల్పున ఆకుపచ్చ చార ఒకటి ఉందని ఆ రోజు చూశాను. ఒక మూల ఎలుక కొరికిన చోట మా అమ్మ వేసిన కుట్లున్నాయి. తెల్లదారం కొట్టొచ్చినట్టు కనబడకూడదని బట్టల నీలిమందులో ముంచి కుట్టిందట, అది కూడా మా అక్కను అడిగితే తెలిసింది. అమ్మ పోయి అప్పటికి పదకొండేళ్లు.

అది కొత్తవాడ మగ్గాల మీద నేసినదని నాన్న అనేవారు. వరంగల్ షత్రంజీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి, మన ఊరికి పేరొచ్చిందని నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను కూడా. మంచం కిందున్నదాన్ని మాత్రం బయటికి తీసి చూడలేదు. మనస్తత్వ శాస్త్రం చదివి నలుగురికీ సలహాలు చెప్పేవాడి పరిస్థితి ఇది.

పోగొట్టుకోబోతేనే కనబడితే ప్రతిదానికీ ఒక వరద రావాలి. అంత అవసరం లేదనడానికి మంచి ఆధారం ఉంది. మిన్‌క్యుంగ్ కూ, టిమోతీ విల్సన్, డేనియల్ గిల్బర్ట్ తదితరులు 2008లో ప్రచురించిన ప్రయోగాల్లో కొందరిని తమ జీవిత భాగస్వామి ఎలా పరిచయమయ్యారో రాయమన్నారు, మరికొందరిని ఆ పరిచయమే జరగకుండా పోవడానికి ఎన్ని అవకాశాలున్నాయో రాయమన్నారు. తమ బంధం పట్ల ఎక్కువ తృప్తి కనబరిచింది రెండోవాళ్లే. ఉన్నదాన్ని లెక్కపెడితే మనసు "తెలిసిందేగా" అని పక్కన పెడుతుంది. లేకుండా పోయే దారిని ఊహించినప్పుడు ఉన్నది మళ్లీ వార్త అవుతుంది. మీ పెళ్లిచూపుల రోజును ఇట్లా ఒకసారి తిరగరాసి చూడండి. ఆ రోజు బస్సు తప్పిపోయి ఉంటే, పేరయ్య ఇంకో సంబంధం ముందు చెప్పి ఉంటే, మీ మేనమామ జాతకం దగ్గర పట్టుబట్టి ఉంటే ఏమయ్యేది? పది నిమిషాలు రాశాక కాగితం చింపేయండి, ఎవరికీ చూపనక్కరలేదు.

లేకపోవడానికి ఉన్న ఈ శక్తిని మన ఇళ్లలో ఆడవాళ్లు ఏనాడో కనిపెట్టారని నాకు అనిపిస్తుంది. గునుగు పువ్వు సంగతి తీసుకోండి. చెలకల్లో, పత్తిలో, మక్కలో మొలిచే కలుపు అది. రైతు కూలి ఇచ్చి మరీ పీకిస్తాడు. ఏడాదిలో ఎక్కువ భాగం దానివైపు చూసే మనిషి లేడు. తంగేడు సంగతి కూడా అంతే. బీడు భూముల్లో, రోడ్డు పక్కన, దుమ్ము కొట్టుకొని ఉంటుంది. బతుకమ్మ పండుగ మొదలయ్యే పెత్రమాస దగ్గరపడుతుందనగా ఇళ్లలో కళ్లు మారతాయి. నిన్నటి దాకా కలుపైనది ఇవాళ ఒడిలోకి చేరుతుంది. గునుగును దగ్గరగా పట్టుకొని చూస్తే అడుగున వెండి తెలుపు, కొసకు వచ్చేసరికి లేత గులాబీ. ఒక్క పువ్వనుకున్నది నిజానికి వందల చిన్న పూల కంకి, వేళ్ల మధ్య రుద్దితే ఎండు గడ్డిలా గరగరమంటుంది. కాడలు సమంగా కోసి, కట్టలు కట్టి, కొన్నింటికి రంగులద్ది, సిబ్బిలో ఆకులు పరిచి, వరుస మీద వరుస పేర్చి, పైన గుమ్మడి పువ్వులో పసుపు గౌరమ్మను నిలిపితే ఆ కలుపు మొక్కే దేవత అవుతుంది. ఎంగిలిపూల నాడు మొదలై సద్దుల దాకా తొమ్మిది రోజులు. తంగేడు ఇప్పుడు రాష్ట్ర పుష్పం, బతుకమ్మ 2014 నుంచి రాష్ట్ర పండుగ. గునుగును హన్మకొండ చౌరస్తాలో కట్టకింత అని డబ్బిచ్చి కొనుక్కుంటున్నాం; పీకించడానికీ మనమే డబ్బిస్తాం, తెప్పించడానికీ మనమే ఇస్తాం, అది వేరే కథ.

ఈ తొమ్మిది రోజుల్లో నాకు అన్నింటికంటే ఆసక్తి కలిగించేది ఆరో రోజు. ఆ రోజు అలిగిన బతుకమ్మ. పూలు పేర్చరు, ఆట ఉండదు. ఈ ఆచారానికి పెద్దలు చెప్పే కారణాలు వేరు, వాటి జోలికి నేను పోను. ఆ ఖాళీ రోజు మర్నాడు వాకిట్లో చప్పట్లు మళ్లీ మొదలైనప్పుడు ఆడపిల్లల ముఖాలు మాత్రం చూడండి. జోర్డి క్వాడ్‌బాక్, ఎలిజబెత్ డన్ 2013లో ప్రచురించిన ప్రయోగంలో వారం రోజులు చాక్లెట్ మానేసి మళ్లీ తిన్నవాళ్లు, ఎప్పటిలా తింటూ వచ్చినవాళ్ల కంటే దాన్ని ఎక్కువ ఆస్వాదించారు. కాబట్టి మీకు రోజూ దొరికే సుఖాల్లో ఒకదాన్ని వారానికొకసారి అలగనివ్వండి. మూడు పూటలా తాగే చాయ్ అయితే శుక్రవారం మానండి, శనివారం పొద్దున మొదటి గుక్కను నిలబడి కాక కూర్చొని తాగండి. ఇదేదో ఉపవాసమని, పుణ్యమని అనుకోవద్దు. నాలుకకు చాయ్‌ను మళ్లీ పరిచయం చేయడం, అంతే.

చుట్టం ప్రస్తావన మొదట్లో తెచ్చాను. చుట్టానికి రైలు వినిపించినట్టే, చుట్టానికి మన ఊరు కనిపిస్తుంది. మీ ఆఫీసు దారిలోనే వేయిస్తంభాల గుడి ఉందని రాశారు. 1163లో కాకతీయ రాజు రుద్రదేవుడు కట్టించిన ఆ త్రికూటాలయంలోకి మీరు చివరిసారి ఎప్పుడు వెళ్లారు? హైదరాబాదు నుంచి బావమరిది వచ్చినప్పుడై ఉంటుంది. అతను ఫోటోలు తీస్తుంటే మీరు కూడా ఆ నల్లరాతి నందిని, మరమీద తిప్పినట్టు నునుపు తేలిన స్తంభాలను కొత్తగా చూసి ఉంటారు. ఆ కళ్లు అతనితో పాటు రైలెక్కి వెళ్లిపోయాయి. వాటిని అప్పుడప్పుడు అరువు తెచ్చుకోవచ్చు. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ, పక్కన చుట్టం ఉన్నాడనుకొని, అతనికి మీ వీధిని చెబుతున్నట్టు మనసులో చెప్పుకుంటూ నడవండి. బండి మీద కాక నడిచే రావాలి. బండి మీద ఉన్నవాడు గుంతలనే చూస్తాడు, మన రోడ్ల మీద అది తప్పు కూడా కాదు.

ఇంకో పని చేయండి. ఇవాళ జరిగిన మామూలు సంగతులు రాసి కవరులో పెట్టి అంటించండి: పిల్లలు దేనికి కొట్లాడుకున్నారు, భార్యతో చివరగా మాట్లాడిన మాటలేమిటి, రాత్రి కూర ఏమిటి, నాన్న ఏ వార్తకు విసుక్కున్నారు. మూడు నెలల తర్వాత విప్పండి. టింగ్ జాంగ్, మరికొందరు 2014లో ప్రచురించిన అధ్యయనంలో విద్యార్థులతో ఇట్లాగే రాయించి మూడు నెలలకు చదివించారు. రాసేటప్పుడు "ఇందులో ఏముంది" అనుకున్న సంగతులే, వాళ్లు ఊహించినదానికంటే చాలా ఎక్కువ ఆసక్తితో చదివించాయి. పెళ్లి ఆల్బం అందరికీ ఉంటుంది; ఒక మామూలు మంగళవారం ఎవరి దగ్గరా ఉండదు.

అర్థం గురించి కూడా అడిగారు. ఆనందం వస్తువును చూస్తే వస్తుంది కానీ, ఆ వస్తువు వెనక ఉన్న చేతులు కనబడితే తప్ప అర్థం అన్నది పుట్టదని నా అనుభవం. ఆ షత్రంజిలో ఆకుపచ్చ చార నన్ను సంతోషపెట్టింది, నీలిమందు దారం కుదిపేసింది. ఎండాకాలం మొదట్లో ఎనుమాముల మార్కెట్ వైపు వెళ్తే మిరప ఘాటుకు గొంతు పట్టుకుంటుంది; ముక్కుకు కర్చీఫు అడ్డం పెట్టుకొని రెండు నిమిషాల్లో దాటిపోతాం. చేలో ఆ కాయలు ఏరిన ఆడవాళ్ల చేతులు రాత్రి పడుకున్నా మండుతూనే ఉంటాయి. ఈసారి కంచంలో తొక్కు వేసుకున్నప్పుడు ఆ చేతులు గుర్తుకొస్తే, అన్నం కాస్త నెమ్మదిగా తింటారు. వస్తువు మీదున్న మీ చూపు మనుషుల దాకా వెళ్లాలని నేను కోరుకునేది అందుకే.

అయితే ఈ మందును ఎదుటివాళ్లకు రాసివ్వవద్దు. చాలా ఏళ్ల కింద, నెలల తరబడి జీతం రాక నా దగ్గరికి వచ్చిన ఒక కాంట్రాక్టు ఉద్యోగికి, రోజులో చిన్న చిన్న మంచి విషయాలను గమనించమని సలహా ఇచ్చాను. ఆయన మర్యాదగా తలూపి వెళ్లాడు, మళ్లీ రాలేదు. ఆయనకు కావలసింది జీతం. నేను ఆయన కోపాన్ని తీసుకొని చేతిలో పువ్వు పెట్టాను. ఇంటి పనంతా తన మీదే పడుతోందని మీ భార్య అన్ననాడు "ఉన్నదాంట్లో సంతోషం చూసుకోవాలి" అని మీరు జవాబిస్తే అది కూడా ఇదే తప్పు. గమనించడం మీరు మీ కోసం చేసే పని. మార్చవలసినదాన్ని మార్చే పని దాని పక్కనే విడిగా ఉంటుంది.

ఇవన్నీ ఒకేసారి మొదలుపెడితే మళ్లీ హోంవర్కు అవుతుంది కాబట్టి ముందు ఒక్కటి చేయండి. రేపు ఐదున్నరకు లేచి గుమ్మంలో కూర్చోండి. అమ్మ ఊడ్చి, సాన్పి చల్లి, తడి ఆరీ ఆరకముందే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి ముగ్గుపిండి జారవిడుస్తూ చుక్కలు పెడుతుంది. ఆ వయసులో నడుము వంచి అంత తిన్నగా ఎలా పెడుతుందో, గీత మధ్యలో తెగితే ఏం చేస్తుందో చూడండి. ఎన్ని చుక్కలని, సరి చుక్కా, సందు చుక్కా అని, ఎవరి దగ్గర నేర్చుకున్నావని అడగండి. తొమ్మిదిన్నరకు బండిని ఏ పక్క నుంచి తీయమంటావో కూడా ఆమెనే అడగండి. నెల తర్వాత నాకు రాసేటప్పుడు చుక్కల లెక్క మరచిపోవద్దు.